చిన్నప్పటి నుంచి కుడుతున్న గుడ్డ బొమ్మలు: వీటితో వ్యాపారం పెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చిన్నప్పటి నుంచి చేత్తో గుడ్డ బొమ్మలు కుడుతున్నారు. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకి కానుకలుగానే ఇచ్చారు. చూసినవాళ్లంతా "ఇవి అమ్మకానికి పెట్టొచ్చుగా" అంటున్నారు. ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకోవచ్చా, ధర ఎలా కట్టాలి, డబ్బు కోసం కుట్టడం మొదలుపెడితే ఉన్న ఇష్టం కాస్తా పోతుందా అని అడిగారు.

పెట్టుకోవచ్చండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. ముందు మీరు కుట్టేవాటిలో ఒకే ఒక్క బొమ్మను ఎంచుకోండి. అదే కొలత, అదే ముఖం, అదే పనితనం మళ్లీ మళ్లీ వస్తున్నాయా, దానికి ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పగలుగుతున్నారా అన్నది చూసుకోండి. బొమ్మల వ్యాపారం మొత్తం ఈ ఒక్కదాని మీదే నడుస్తుంది. మిగతావన్నీ, అంటే పేరు, లోగో, ఆన్‌లైన్ పేజీ, ప్యాకింగ్, తర్వాత నేర్చుకోవచ్చు.

ఎందుకంటారా? ఇష్టంతో కుట్టేటప్పుడు మనకి కొత్తదనం కావాలి. ఒక బొమ్మకి జడ వేస్తే ఇంకోదానికి ఉంగరాల జుట్టు పెట్టాలనిపిస్తుంది. కానుక తీసుకున్నవాళ్లు "నిన్నటిదానిలా లేదే" అని అడగరు. కొనేవాళ్లు అడుగుతారు. వాళ్లు ఫోటో చూసి ఆర్డర్ ఇస్తారు. ఫోటోలో ఉన్న ఆ చిన్న నవ్వే తమ ఇంటికి రావాలనుకుంటారు. ఆ నవ్వు రెండోసారి రాకపోతే బొమ్మ ఎంత బాగున్నా వాళ్లకి అది తప్పు బొమ్మే. నేను చాలా ఏళ్లుగా గుడ్డ బొమ్మలు కుట్టి అమ్ముతున్నాను, నేర్పుతున్నాను కూడా. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో చేతి పనిలో అందరికంటే ముందున్న ఒకావిడ అమ్మకంలో నిలవలేకపోయారు. ఆవిడ ఏ బొమ్మనూ రెండోసారి కుట్టరు, విసుగు. ఆవిడకంటే సాదాగా కుట్టే ఇంకొకరు ఒకే కుందేలు బొమ్మను రంగులు మార్చి అమ్ముతూ హాయిగా నడుపుకుంటున్నారు.

పాతకాలం మనుషుల సంగతే చూడండి. జర్మనీకి చెందిన క్యేటె క్రూజె అనే ఆవిడ 1905లో తన కూతురి కోసం మొదటి బొమ్మ చేసింది. బొమ్మ కొనిపెట్టమని భర్తని అడిగితే, కొట్లో బొమ్మలు బాగుండవు, నువ్వే చెయ్యి అన్నాడట. ఒక తువ్వాలులో ఇసుక పోసి, తలకి బంగాళాదుంప పెట్టి చేసింది. బెర్లిన్‌లో ఇంట్లో చేసిన బొమ్మల ప్రదర్శనకి ఆమె బొమ్మలు వెళ్లింది 1910లో. ఆ రెండింటి మధ్య ఐదేళ్లూ ఆ బొమ్మనే, ముఖ్యంగా ఆ తలనే, బాగుచేసుకుంటూ వచ్చింది. పేరు వచ్చాక ఆర్డర్లు మీద పడ్డాయి, ఇల్లే వర్క్‌షాప్ అయింది. తట్టుకోగలిగిందంటే చేతిలో ఒక తేలిన బొమ్మ ఉండబట్టే.

ఎవరి కోసం కుడుతున్నారు?

ఒక బొమ్మను ఎంచుకోమన్నాను కదా, ఏది ఎంచుకోవాలన్నది ఇది తేలితేగాని తేలదు. బయటికి అన్నీ గుడ్డ బొమ్మలే, కానీ లోపల మూడు వేరే వేరే వ్యాపారాలు ఉన్నాయి.

మొదటిది పిల్లలు ఆడుకునే బొమ్మ. దీన్ని లాగుతారు, నములుతారు, నేల మీద ఈడుస్తారు, వాషింగ్ మెషీన్‌లో వేస్తారు. కొనేది పెద్దవాళ్లు, వాడేది పిల్లలు. ధరకి ఒక హద్దు ఉంటుంది, ఎందుకంటే పక్కనే ఫ్యాక్టరీ బొమ్మ ఉంటుంది.

రెండోది పెద్దవాళ్లు అల్మారాలో పెట్టుకునే బొమ్మ. విడివిడి వేళ్లు, రంగులు వేసిన ముఖం, మోహెయిర్ (ఒక రకం మేక ఊలు) జుట్టు, లోపల తీగ, చిన్న చిన్న బూట్లు. ఇక్కడ గంటలు లెక్కపెట్టరు, మీ చెయ్యి చూస్తారు. ధర బాగానే వస్తుంది గానీ కొనేవాళ్లు తక్కువ, మీ పేరు వాళ్లకి తెలియడానికి ఏళ్లు పడుతుంది.

మూడోది జ్ఞాపకం కోసం చేయించుకునే బొమ్మ. చనిపోయిన తండ్రి చొక్కా గుడ్డతో ఒక బొమ్మ, పాప పుట్టినప్పటి బరువుతో ఒక బొమ్మ, ఇలాంటివి. డబ్బు ముందే వస్తుంది, బేరం ఉండదు. కానీ ఆ చొక్కా ఒక్కటే ఉంటుంది. కత్తెర పెట్టేముందు చేతులు వణుకుతాయి. ఇలాంటి గుడ్డ వస్తే నేను ముందు అదే మందం ఉన్న వేరే గుడ్డతో బొమ్మ మొత్తం ఒకసారి కుట్టి చూసుకుంటాను. పాత గుడ్డ అయితే వెనకాల ఇస్త్రీ వేడికి అతుక్కునే సన్నటి కాన్వాస్ అతికిస్తాను, లేకపోతే కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి.

ఈ మూడూ ఒకేసారి చెయ్యబోతే ఏదీ నిలవదు. నన్నడిగితే మొదట పిల్లల బొమ్మగానీ జ్ఞాపకం బొమ్మగానీ పెట్టుకోండి. అల్మారా బొమ్మ మీ ఇష్టం కోసం పక్కన సాగనివ్వండి, దానికి తొందర లేదు. అయితే మనం అనుకున్నవాళ్లే కొంటారని గ్యారంటీ ఏమీ లేదు. జర్మనీలోనే మార్గరెట్ స్టైఫ్ అనే ఆవిడ 1880 ప్రాంతంలో ఫెల్ట్ గుడ్డతో ఏనుగును కుట్టింది గుండుసూదులు గుచ్చుకోవడానికి. పిల్లలు దాన్ని ఆటబొమ్మ చేసుకున్నారు. ఆమె కంపెనీ ఆ దారినే పెరిగింది. కాబట్టి మొదటి కొద్దిమంది కొన్నాక ఎవరు కొన్నారు, దేనికి కొన్నారు అని మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోండి.

పిల్లల బొమ్మ అయితే భద్రత ముందు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో కుట్టేవాళ్లు అందరికంటే తేలిగ్గా తీసుకునేది దీన్నే. మేనకోడలికి కుట్టిచ్చిన బొమ్మకి గుండీ కళ్లు పెట్టొచ్చు, మీరు పక్కనే ఉంటారు. ఎవరో తెలియని ఇంటికి అమ్మే బొమ్మకి, అక్కడ మూడేళ్లలోపు పిల్లలు ఉంటే గుండీలు, పూసలు, గంటలు ఏవీ వద్దు. ఊడితే గొంతులో ఇరుక్కుంటాయి. టెస్టింగ్ ల్యాబుల్లో దీనికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు ఒక వైపు 25.4, ఇంకో వైపు 57.1 మిల్లీమీటర్లు. నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకి ప్రమాదమే అని లెక్క.

వెనక వాషర్ బిగించే ప్లాస్టిక్ కళ్లు దొరుకుతాయి, వాటికి సేఫ్టీ ఐస్ అని పేరు. ఆ పేరు చూసి నమ్మేయకండి. కన్ను గట్టిదే, కానీ అది పెట్టిన గుడ్డ గట్టిది కావాలిగా. సాగే నిట్ గుడ్డలోనో అల్లికలోనో పెడితే పిల్లలు నమిలి లాగినప్పుడు కంత పెద్దదై వాషర్‌తో సహా బయటికి వస్తుంది. యూరప్ ప్రమాణంలో 6 మిల్లీమీటర్లకంటే పెద్ద కన్నును 90 న్యూటన్ల బలంతో లాగి చూస్తారు. సుమారు 9 కిలోల బరువు వేలాడదీసినట్టన్నమాట. చిన్నపిల్లల బొమ్మకి దారంతో కుట్టిన కళ్లకి మించింది లేదు. ఊడిపోవడానికి అక్కడ ముక్కే ఉండదు.

చట్టం సంగతి. పిల్లల బొమ్మలు అమ్మాలంటే చాలా దేశాల్లో ప్రమాణాలు ఉన్నాయి. యూరప్‌లో ఈఎన్ 71, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్963, భారతదేశంలో ఐఎస్ 9873. వీటిలో లాగుడు పరీక్ష, మంట అంటుకునే తీరు, రంగుల్లో సీసం లాంటి లోహాలు ఇవన్నీ వస్తాయి. భారతదేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు అమల్లో ఉంది, కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్లకి అందులో మినహాయింపు ఇచ్చారు. మీరు ఉన్నచోట, మీరు పంపే దేశంలో ఏ నియమం వర్తిస్తుందో మొదటి అమ్మకానికి ముందే కనుక్కోండి. "ఇది ఆటబొమ్మ కాదు, అలంకరణకే" అని చీటీ రాసి తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. బొమ్మ చూడగానే పిల్లలు ఆడుకునేదే అని తెలుస్తుంటే ఆ చీటీ మిమ్మల్ని కాపాడదు.

మళ్లీ మళ్లీ ఒకేలా రావాలంటే

ప్యాటర్న్‌ను కాగితం మీద ఉంచకండి. కాగితం అంచు గీసే కొద్దీ అరుగుతుంది, నెలలు గడిచేసరికి బొమ్మ చెంప ఆకారమే మారిపోతుంది. గట్టి అట్టమీదగానీ పల్చటి ప్లాస్టిక్ షీటు మీదగానీ కత్తిరించుకుని, పడుగు (గుడ్డ నిలువు పోగులు) ఎటు రావాలో బాణం గుర్తు వేసుకోండి. ఇది ముఖ్యం. గుడ్డ పేక (అడ్డపోగుల) వైపు కొంచెం ఎక్కువ సాగుతుంది. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కత్తిరిస్తే ఒకే ప్యాటర్న్‌తో ఒక బొమ్మ సన్నగా పొడుగ్గా, ఇంకోటి బొద్దుగా వస్తుంది. చాలామంది ఇది దూది కూరడంలో తేడా అనుకుంటారు.

నూలు గుడ్డను కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టండి. ముదురు రంగులైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఎరుపు, ముదురు నీలం నమ్మరానివి. మిషన్ కుట్టు పొడుగు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు పెట్టుకోండి, బట్టలకి పెట్టే కుట్టు బొమ్మకి చాలదు, కూరేటప్పుడు కుట్ల మధ్య నుంచి ఫిల్లింగ్ కనిపిస్తుంది. మెడ, చంక, కాళ్ల మధ్య రెండోసారి కుట్టండి.

ఫిల్లింగ్ గురించి రకరకాల వాదనలు ఉన్నాయి. నా మాట ఇది: ఉతికే బొమ్మకి పాలిస్టర్ ఫైబర్. దూది కొత్తలో బాగుంటుంది గానీ ఉతికితే ఉండలు కడుతుంది, లోపల తొందరగా ఆరదు. ఊలు చేతికి వెచ్చగా, కాస్త బరువుగా ఎంత బాగుంటుందో, కానీ పురుగు పట్టకుండా చూసుకోవాలి, వేడినీళ్లలో వెయ్యకూడదు. ఈ సంగతి కొన్నవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఏదైనా సరే చిన్న చిన్న పీచులుగా తీసి, చేతివేళ్ల చివర్ల నుంచీ కాలి వేళ్ల నుంచీ మొదలుపెట్టి కూరుకుంటూ రండి. ఆసుపత్రుల్లో వాడే ఆర్టరీ ఫోర్సెప్స్ (కత్తెరలా పట్టుకునే సన్నటి పట్టకారు) ఒకటి కొనుక్కోండి, కుట్టిన సన్నటి చేతుల లోపలివైపు బయటికి తిరగెయ్యడానికీ కూరడానికీ అంతకంటే మంచి పనిముట్టు నాకు దొరకలేదు. మెడ దగ్గర ఇక చాలు అనిపించాక ఇంకొంచెం కూరండి. నెలలు గడిచేకొద్దీ లోపలిది సర్దుకుంటుంది, తల వాలిపోయేది అక్కడే.

ఒకేసారి నాలుగైదు బొమ్మలు కలిపి చేస్తే గంటలు బాగా కలిసొస్తాయి. అన్నీ ఒకరోజు కత్తిరించడం, అన్నీ ఒకరోజు మిషన్ మీద కుట్టడం, అన్నీ తిరగెయ్యడం. ముఖాలు మాత్రం ఇలా చెయ్యకండి. పొద్దున వెలుగులో ఒక్కోటి కూర్చుని కుట్టండి. వరసగా ముఖాలు కుడుతూ పోతే మన అలసట కనుబొమ్మల్లోకి వచ్చేస్తుంది. నవ్వకండి, నిజమే. కనుబొమ్మ ఒక్క మిల్లీమీటరు లోపలికి వంగితే బొమ్మ మీ మీద కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కళ్ల చోటు కొలిచి గుర్తు పెట్టడానికి ముఖం అట్ట ఒకటి వేరేగా చేసుకోండి. కళ్లు తల మధ్య గీతకి కాస్త కిందుగా, ఎడంగా ఉంటే పసితనం వస్తుంది. పైకి జరిగితే పెద్దమనిషి అవుతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక బొమ్మను ఉతకండి, ఆరబెట్టండి, మళ్లీ ఉతకండి. ఇంకోటి తెలిసినవాళ్ల పిల్లలకి ఇచ్చి కొన్ని నెలల తర్వాత వెనక్కి తీసుకుని చూడండి. ఏ కుట్టు విడింది, జుట్టు ఎక్కడ ఊడింది, ఏ భాగం నలిగింది అన్నది అది చెప్పినంత బాగా ఏ టీచరూ చెప్పలేరు.

ధర

దాదాపు అందరూ ఇరుక్కునేది ఇక్కడే. "సామాను ఖర్చుకి మూడు రెట్లు వేసుకో" అనే సలహా మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. బొమ్మలకి అది అస్సలు పనికిరాదు. మన సామాను చవక, మన గంటలు ఖరీదు. అరగజం గుడ్డతోనే ఒక సాయంత్రంలో సాదా బొమ్మా చెయ్యొచ్చు, ఒక వారం పట్టే బొమ్మా చెయ్యొచ్చు. మూడు రెట్ల లెక్కలో ఆ రెండింటికీ ఒకటే ధర వస్తుంది.

లెక్క ఇలా వెయ్యండి. సామాను ఖర్చు, దానికి గంటల కూలి, దానికి పైఖర్చుల్లో ఒక వాటా. పైఖర్చులంటే మిషన్ రిపేరు, సూదులు, కరెంటు, పెట్టెలు, ఫోటోలు, పోస్టు, ఆన్‌లైన్ సైటు కమీషన్, పాడైపోయిన బొమ్మలు. గంటల కూలి విషయంలో మొహమాటపడకండి. ఇదే పని చెయ్యడానికి ఇంకో మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాల్సి వస్తుంది? కనీసం అంత. ఈ మూడూ కలిపితే వచ్చేది మీకు అయిన ఖర్చు, అమ్మకపు ధర కాదు. దాని మీద లాభం వేసుకోవాలి. ఎప్పుడైనా దుకాణాలకి ఇవ్వాలని ఉంటే, దుకాణం వాళ్లు తమ వాటాగా అమ్మే ధరలో దాదాపు సగం దాకా అడుగుతారు. అది తీసేశాక కూడా మీ ఖర్చు, లాభం మిగలాలి. మీరు నేరుగా అమ్మేటప్పుడు దుకాణం ధర కంటే తగ్గించి అమ్మకండి, అలా చేస్తే రెండోసారి ఆ దుకాణం మీ బొమ్మలు పెట్టదు.

గంటలు రాసుకోండి. నిజంగా గడియారం చూసి రాయండి, అంచనాగా వద్దు. మనకి ఇష్టమైన పని చేస్తుంటే గంట పావుగంటలా అనిపిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో నేను చేయించే మొదటి పని ఇదే. బొమ్మకి ఫలానా గంటలు అని వాళ్లు ముందు చెప్పిన లెక్కకీ, రాసి చూసిన లెక్కకీ తేడా చూసి కంగుతింటారు.

లెక్క వేశాక ధర మరీ ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు చాలామంది తమ కూలి తగ్గించుకుంటారు. కూలి తగ్గించకండి, గంటలు తగ్గించండి. గంటలు ఎక్కడికి పోతున్నాయో మీ కాగితమే చెబుతుంది. సాధారణంగా జుట్టు, బట్టలు, చేతివేళ్లు. ఒక్కో పోగు తలలోకి ముడి వేసే జుట్టు బొమ్మ ఒళ్లు మొత్తం కుట్టినంత టైమ్ తింటుంది. ఊలుతో టోపీలా అల్లి తలకి కుట్టేస్తే సగం కూడా పట్టదు, పిల్లలు లాగినా ఊడదు. విడివిడి వేళ్ల బదులు చేతిని ఒకే ముక్కగా కత్తిరించి వేళ్ల గీతలు పైన కుడితే దూరం నుంచి ఎవరూ తేడా పట్టరు. విప్పడానికి వీలుగా ఉండే ఒక గౌను చాలు, లోపల లంగా, బొత్తాల జాకెట్టు అక్కర్లేదు, అవి వేరేగా అమ్మండి. ముఖం దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా మిగుల్చుకోవద్దు. కొనేది ముఖాన్నే.

చుట్టాలు, స్నేహితులు "మాక్కూడానా అంత?" అంటారు. వాళ్లకి ఉచితంగా ఇవ్వండి, లేదా పూర్తి ధరకి ఇవ్వండి. మధ్యలో సగం ధర అంటూ ఒకటి పెట్టారా, అదే మీ ధర అని ఊరంతా తెలిసిపోతుంది.

ఆర్డర్ మీద కుట్టేటప్పుడు

సగం డబ్బు ముందు తీసుకోండి. గుడ్డ కత్తిరించాక ఆ అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనని ముందే రాసి చెప్పండి. ముఖం పెన్సిల్ గీతల దశలో ఉన్నప్పుడు ఒక ఫోటో, జుట్టు అతికించే ముందు ఒక ఫోటో పంపించి "సరే" అని రాతలో తెప్పించుకోండి. మార్పులు అక్కడివరకే. అయిపోయాక "ముక్కు కొంచెం" అంటే మళ్లీ మొదటి నుంచి కుట్టడమే.

ఫోటో చూసి "మా పాపలాగే కుట్టండి" అనే ఆర్డర్లు వస్తాయి. గుడ్డ మీద పోలిక ముఖంలో రాదండి, జుట్టులో, బట్టల్లో, కళ్లజోడులో, బుగ్గ మీద పుట్టుమచ్చలో వస్తుంది. ఈ మాట ముందే చెప్పండి. ఒప్పుకుంటే తీసుకోండి, లేదంటే మర్యాదగా వదిలెయ్యండి. నేనైతే నెలకి ఇన్ని ఆర్డర్లే అని హద్దు పెట్టుకుని, నిండాక వెయిటింగ్ లిస్టులో పేర్లు రాసుకుంటాను. వెయిటింగ్ లిస్టు ఉందంటే కొనేవాళ్లకి నమ్మకం పెరుగుతుంది కూడా.

సినిమా, కార్టూన్ పాత్రల బొమ్మలు అడుగుతారు. అడిగినంత సులువు కాదు, వాటికి హక్కుదారులు ఉంటారు. కొన్న ప్యాటర్న్‌తో కుట్టి అమ్మేటప్పుడూ అంతే, కొన్నింటిలో సొంత వాడకానికి మాత్రమే అని ఉంటుంది, కొన్నింటిలో పేరు వేసి అమ్ముకోవచ్చని ఉంటుంది. చదివి చూడండి. పైన చెప్పిన క్యేటె క్రూజె తన బొమ్మలను అనుకరించిన పెద్ద కంపెనీ మీద జర్మన్ కోర్టుకి వెళ్లి 1925లో గెలిచింది. మీ సొంత ప్యాటర్న్‌కీ విలువ ఉంటుందని గుర్తుపెట్టుకోండి, గీసిన తేదీలతో కాగితాలు దాచుకోండి.

ఎక్కడ అమ్మాలి

మొదట మనుషులు చేత్తో పట్టుకుని చూసే చోట. చేతిపనుల సంతలు, ప్రదర్శనలు. అమ్మకం కంటే అక్కడ వినే మాటలు ఎక్కువ ఉపయోగం. ఏ బొమ్మని ఎత్తుకుంటున్నారు, ఎత్తుకుని ఎక్కడ వేలు పెట్టి చూస్తున్నారు, ధర చీటీ చూసి మెల్లగా పెట్టేస్తున్నారా లేక ఇంకో ప్రశ్న అడుగుతున్నారా. ప్రశ్న అడిగితే ధర సరిగ్గానే ఉన్నట్టు.

ఆన్‌లైన్‌లో ఫోటోయే అంతా. కిటికీ పక్కన పగటి వెలుగు, వెనక సాదా గోడ, ఒక ఫోటోలో మనిషి చెయ్యి ఉండాలి, లేకపోతే బొమ్మ ఎంత పెద్దదో తెలియదు. ఎత్తు సెంటీమీటర్లలో రాసినా ఎవరూ చదవరు. వెనక వైపు ఫోటో కూడా పెట్టండి, పనితనం తెలిసినవాళ్లు కుట్టు మూసిన చోటే చూస్తారు.

దుకాణంలో "అమ్ముడయ్యాక డబ్బు" పద్ధతిలో పెట్టేటప్పుడు జాగ్రత్త. ఒక దుకాణంలో నా బొమ్మలు ఎండ పడే అద్దం దగ్గర నెలల తరబడి ఉండిపోయాయి. వెనక్కి వచ్చేసరికి ఒకవైపు రంగు వెలిసింది, డబ్బూ లేదు. ఎన్నాళ్లు ఉంచుతారు, పాడైతే ఎవరిది, డబ్బు ఎప్పుడిస్తారు అన్నది ఒక కాగితం మీద రాయించుకోకుండా ఇవ్వద్దు.

ఇంకో సంగతి. మన చేతులతో కుట్టగలిగిన బొమ్మల సంఖ్యకి ఒక పైహద్దు ఉంది, దాన్ని దాటి సంపాదన పెరగదు. అందుకే నిలదొక్కుకున్న చాలామంది బొమ్మలతో పాటు కత్తిరించి పెట్టిన కిట్లు, ప్యాటర్న్‌లు, క్లాసులు, పాత బొమ్మల రిపేర్లు కూడా పెట్టుకుంటారు. నాకు క్లాసుల మీద వచ్చేది నిలకడగా ఉంటుంది, బొమ్మల అమ్మకం పండగలకీ సెలవులకీ పెరిగి మధ్యలో పడిపోతుంది. పన్నులు, రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా వేరుగా పెట్టడం ఇవి ఏ చిన్న వ్యాపారానికైనా ఉండేవే, దగ్గర్లో లెక్కలు చూసేవాళ్లని ఒకసారి అడిగితే అయిపోతుంది.

ఇష్టం పోతుందా?

కొంత పోతుందండి, అబద్ధం చెప్పను. పదో కుందేలు చెవి తిప్పుతున్నప్పుడు మొదటి కుందేలు నాటి సరదా ఉండదు. దాని బదులు వేరే తృప్తి వస్తుంది. చెయ్యి దానంతటదే కదలడం, కుట్టు ఎప్పుడూ లేనంత సన్నగా రావడం, మీ బొమ్మ ఎవరి ఇంట్లోనో పాతబడిందని ఫోటో రావడం. అది మీకు సరిపోతుందా అన్నది మీరే తేల్చుకోవాలి. సరిపోదనిపిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానుకలుగా ఇచ్చుకుంటూ హాయిగా ఉండండి. ఇష్టమైన ప్రతి పనీ డబ్బు తేవాలని ఎవరు చెప్పారు?

నేను చేసేది చెబుతాను. అమ్మకానికి కాని బొమ్మ ఒకటి ఎప్పుడూ నా బల్ల మీద ఉంటుంది. దానికి గంటల కాగితం లేదు, ఫోటో తీయను, ఎవరడిగినా ఇవ్వను. అది అయిపోతే ఇంకోటి మొదలవుతుంది. కొత్త ఆలోచనలన్నీ దాని మీదే చేసి చూస్తాను, అందులో బాగా కుదిరింది ఏదైనా ఉంటే తర్వాత అమ్మే బొమ్మలోకి వస్తుంది.

మనసు కంటే ముందు చేతులు మొరాయిస్తాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. గట్టిగా కూరడం, మందపాటి గుడ్డలోంచి పొడవాటి సూది లాగడం మణికట్టుకి, బొటనవేలికి చాలా కష్టం. కూరే పని, చేతికుట్టు ఒకేరోజు పెట్టుకోకండి. సూది లాగడానికి చిన్న పట్టకారు వాడండి. రాత్రి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే వాయిదా వెయ్యకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక ఉద్యోగం ఎప్పుడు మానాలి అంటే, నేనైతే మూడు చూస్తాను. బొత్తిగా తెలియనివాళ్లు, అంటే స్నేహితుల స్నేహితులు కూడా కానివాళ్లు, పూర్తి ధరకి కొంటున్నారా. కొన్నవాళ్లలో కొందరైనా రెండోసారి వచ్చారా. అమ్మకాలు పడిపోయే నెలలు కూడా కలిపి ఒక ఏడాది లెక్క రాసి చూస్తే, గంటల కూలి పోగా ఏమైనా మిగిలిందా. మూడూ ఉంటే ముందు ఉద్యోగంలో గంటలు తగ్గించుకునే వీలుందేమో అడగండి, ఒక్కసారిగా వదలకండి.

మీరు ఎంచుకున్న బొమ్మ ఎత్తు ఎంత, ఏ గుడ్డ, జుట్టు ఎలా పెడుతున్నారు, గడియారం చూసి రాసిన గంటలు ఎన్ని, ఇవి కింద రాయండి. ఎక్కడ టైమ్ తగ్గించవచ్చో చూసి చెబుతాను.